క్లాసిక్ కార్లు: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు ఏ కోటింగ్ బెస్ట్? ఈ తప్పు చేస్తే అసలుకే ఎసరు!

పాత కారు బానెట్ ఎత్తగానే తుప్పుపట్టిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కనిపిస్తే ఓనర్‌కు మనసొప్పదు. వెంటనే మామూలు స్ప్రే పెయింట్ కొట్టేస్తారు. కొద్ది రోజులకే అది కాలిపోయి పెచ్చులుగా రాలుతుంది. ఎందుకంటే.. ఇంజిన్‌పై లోడ్ పడితే మానిఫోల్డ్ వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాటొచ్చు. మరి ఏం వాడాలి?

హై టెంపరేచర్ పెయింట్: సిలికోన్ రెసిన్‌తో చేస్తారు. చవక. ఇంట్లోనే వేసుకోవచ్చు. ముందు తుప్పు, గ్రీజు పూర్తిగా పోవాలి. పల్చటి కోట్లు వేసి, డబ్బాపై చెప్పినట్టు దశలవారీగా వేడి చేస్తేనే గట్టిపడుతుంది.

సెరామిక్ కోటింగ్: ఖర్చు ఎక్కువే. కానీ ఎక్కువ కాలం ఉంటుంది. బానెట్ కింద వేడిని కూడా తగ్గిస్తుంది.

ఎనామెల్: 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ మానిఫోల్డ్‌లకు కంపెనీ ఇచ్చిన ఫినిషింగ్ ఇదే. గాజు పొడిని దాదాపు 800 డిగ్రీల దగ్గర కరిగించి అతికిస్తారు. అద్దంలా మెరుస్తుంది. గట్టి దెబ్బ తగిలితే మాత్రం పెచ్చు ఊడుతుంది.

కొందరు వేడి తగ్గాలని మానిఫోల్డ్‌కు గుడ్డలాంటి ర్యాప్ చుట్టేస్తారు. అది తేమను పట్టి ఉంచుతుంది. లోపల తుప్పు, పగుళ్లు వచ్చినా పైకి కనిపించవు.

అందుకే కోటింగ్ కంటే ముందు పగుళ్లు చెక్ చేయించడం తప్పనిసరి. లీకైన పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అది క్యాబిన్‌లోకి చేరితే ప్రాణాలకే ముప్పు.

ఒరిజినల్ లుక్ కావాలంటే ఎనామెల్.. రోజూ నడిపే కారైతే సెరామిక్.. బడ్జెట్ తక్కువైతే పెయింట్!