చలిదేశములలో ఆకాశమునుండి పడునవి

మన యూళ్లలో ఆకాశమునుండి పడునది సాధారణముగా వానయే. వేసవిలో ఎప్పుడైన ఉరుములతో వడగండ్లు రాలినచో పిల్లలు గిన్నెలు పట్టుకొని వీథిలోనికి పరుగెత్తుదురు. కెనడా, అమెరికా దేశములలో కాపురముండు మన బంధువులు చెప్పు కబురులు వేఱు. ఒకనాడు మంచు కురిసెనందురు. మఱునాడు మంచుపూసలు పడెనందురు. వేఱొకనాడు వాన పడుటతోడనే గాజువలె గట్టిపడెనందురు. ఇన్ని రూపములు ఏల కలుగునని మా విద్యార్థులు అడుగుచుందురు. మేఘమునకును నేలకును నడుమనున్న గాలిపొరల వెచ్చదనమే ఈ భేదమును నిర్ణయించునది.

ముందుగా ఒక వింత చెప్పవలెను. నీరు 0 డిగ్రీలయొద్ద గడ్డకట్టునని చదువుకొన్నాము గదా! మేఘములోని సూక్ష్మబిందువులు అంతకంటె ఎంతయో చల్లబడియు నీరుగనే నిలువగలవు. గడ్డకట్ట నారంభించుటకు వానికి ధూళికణమువంటి ఆధారమొకటి కావలెను. అది లేని స్వచ్ఛమైన బిందువు సున్నకు దిగువ సుమారు 38 డిగ్రీలవఱకు ద్రవముగనే యుండును. అట్టి మేఘములో మంచుస్ఫటికమొకటి పుట్టినచో, చుట్టునున్న బిందువులనుండి వెలువడు ఆవిరి దానిపై చేరుచుండును; బిందువులు సన్నగిల్లును, స్ఫటికము పెరుగును. ఆఱు మూలల ఆ స్ఫటికములను 1885 మొదలు వెర్మాంటు రాష్ట్రపు రైతు విల్సన్ బెంట్లీ ఐదువేలకు పైగా ఛాయాచిత్రములు తీసెను. జపానుదేశపు శాస్త్రజ్ఞుడు నకాయా 1936లో శీతలశాలయందు వానిని తానే కల్పించి, చలియు తేమయు మాఱినకొలది వాని రూపమును మాఱునని చూపెను.

త్రోవపొడవున గాలి తగినంత చల్లనిదైనచో అవి మంచుగనే నేలజేరును. క్రిందిగాలి వెచ్చనైనచో కరగి వానయగును. మనపై కురియు వానలోను కొంత ఇట్లు కరగిన మంచే!

చిక్కంతయు నడుమ వెచ్చని పొరయు, క్రింద చల్లని పొరయు నున్నప్పుడు వచ్చును. చల్లనిగాలి బరువైనది గావున లోయలలో అడుగున పట్టియుండును. వెచ్చనిగాలి దానిపైకెక్కి పాఱును. రాలు మంచు నడుమ కరగి నీరగును. క్రిందిపొర మందమైనదైనచో ఆ నీరు మఱల గడ్డకట్టి సగ్గుబియ్యమువంటి పూసలై పడి యెగురును. (వీనిని వడగండ్లనరాదు. వడగండ్లు ఉరుముమేఘములో గాలి యెగదన్నగా పొరలుపొరలుగా పెరుగునవి.) క్రిందిపొర పలుచనైనచో గడ్డకట్టుటకు వ్యవధి చాలదు. బిందువు అతిశీతలమైన నీరుగనే దిగివచ్చి, తాకిన కొమ్మమీదను, తీగమీదను, బాటమీదను గడ్డయై పేరుకొనును.

చూచుట కిది సుందరమే. అయినను అన్నిటిలో దీనికే ఎక్కువగా భయపడవలెనని మా తలంపు. 1998 జనవరిలో కెనడాలోని సెయింట్ లారెన్సు లోయలో ఇట్టి వాన కొన్ని దినములు విడిచి విడిచి కురిసెను. మాంట్రియలునకు దక్షిణమున కొన్నియెడల 100 మిల్లీమీటర్లవఱకు పడెను. ఆ బరువునకు విద్యుత్తు తీగలను మోయు ఉక్కుస్తంభములు వేయిదాక కూలెను. ముప్పదిలక్షలకు మించిన జనులు నడిచలికాలమున విద్యుత్తు లేక యుండిరి. కొందఱికి అది వారములతరబడి రాలేదు. చలిచేతను, ఇండ్లలో వెచ్చదనమునకై పెట్టుకొన్న మంటల విషవాయువుచేతను మరణించినవారును కలరు.

ఇందుచేతనే వాతావరణశాఖలవారు దినమునకు రెండుసార్లు బెలూనులను పైకి పంపి, యే యెత్తున నెంత చలియున్నదో కనుగొందురు. నడిమిపొర ఒకటి రెండు డిగ్రీలు మాఱినను, మంచు పడునని చెప్పినచోట పూసలును, పూసలు పడునన్నచోట గడ్డకట్టు వానయు పడవచ్చును.