3.4 శీతల తరంగం: చలి ఎప్పుడు ప్రమాదమవుతుంది?

గత విభాగంలో వడగాలుల గురించి చదివారు. ఎండ తీవ్రత మనకు కళ్ళముందే కనిపిస్తుంది. చలి అలా కాదు. ఉష్ణోగ్రత బాగా పడిపోయేది తెల్లవారుజామున, సూర్యోదయానికి కొంచెం ముందు. ఆ వేళ చాలామంది నిద్రలో ఉంటారు. అందుకే చలి చేసే హానిని మనం తక్కువగా అంచనా వేస్తాం. ఈ విభాగం చదివిన తర్వాత శీతల తరంగాన్ని నిర్వచించగలుగుతారు, దాని కారణాలను వివరించగలుగుతారు, తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పగలుగుతారు.

3.4.1 నిర్వచనం

పత్రికలు 'చలిగాలులు' అని రాసే స్థితినే శీతల తరంగం అంటాం. భారత వాతావరణ శాఖ మైదాన ప్రాంతాలలో దీనిని రెండు షరతులతో గుర్తిస్తుంది. కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ ఉండాలి. అది సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు తగ్గి ఉండాలి. తగ్గుదల 6.4 డిగ్రీలను మించితే అది తీవ్ర శీతల తరంగం. తీర ప్రాంత కేంద్రాలలో మాత్రం 15 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతనే పరిమితిగా తీసుకుంటారు.

ఒక మైదాన కేంద్రంలో సాధారణ కనిష్ఠ ఉష్ణోగ్రత 12 డిగ్రీలు అనుకోండి. అక్కడ 7 డిగ్రీలు నమోదైతే తేడా 5 డిగ్రీలు. అది శీతల తరంగం. 5 డిగ్రీలు నమోదైతే తేడా 7 డిగ్రీలు. అది తీవ్ర శీతల తరంగం. అంటే అంకె ఒక్కటే చాలదు. ఆ ప్రాంత ప్రజలకు అలవాటైన చలి కంటే ఎంత తగ్గిందన్నదీ ముఖ్యమే.

3.4.2 కారణాలు

శీతాకాలంలో మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే పశ్చిమ అలజడులు హిమాలయాలలో మంచు కురిపిస్తాయి. అవి తూర్పుకు సాగిపోయాక ఆకాశం తేటపడి, వాయవ్యం నుంచి చల్లని పొడిగాలులు దక్షిణానికి వీస్తాయి. మధ్యప్రదేశ్, విదర్భ మీదుగా ఇవి ముందుగా ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలను తాకుతాయి. శీతల తరంగాలు ఎక్కువగా వచ్చే రాష్ట్రాలలో తెలంగాణ కూడా ఉంది.

మేఘాలు లేని రాత్రి భూమి తన వేడిని త్వరగా కోల్పోతుంది. మేఘాలు దుప్పటిలా ఆ వేడిని ఆపుతాయి. అందువల్ల బంగాళాఖాతం నుంచి తేమగాలులు వీచిన రోజుల్లో రాత్రి చలి తగ్గుతుంది. ఎత్తు మరో కారణం. దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి విశాఖపట్నం కంటే ఎంతో చల్లగా ఉండటానికి ఎత్తుతోపాటు సముద్రానికి దూరంగా ఉండటమూ కారణమే.

3.4.3 భూమి వేడెక్కుతుంటే చలి ఎందుకు?

ఇది విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న. ఒక వారం పరిస్థితి వాతావరణం. దశాబ్దాల సగటు శీతోష్ణస్థితి. ప్రపంచవ్యాప్తంగా తీవ్రమైన చలి సంఘటనలు తగ్గుతున్నాయి. అయితే తగ్గడం అంటే ఆగిపోవడం కాదు. వెచ్చని శీతాకాలానికి అలవాటు పడిన ఇంట్లో రగ్గులు పెట్టెలోనే ఉంటాయి. అప్పుడు హఠాత్తుగా వచ్చే చలి ఎక్కువ హాని చేస్తుంది.

3.4.4 జాగ్రత్తలు

శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గడాన్ని హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు, తర్వాత మాట తడబాటు, అయోమయం కనిపిస్తాయి. చలి తగ్గకుండానే వణుకు ఆగిపోతే ప్రమాదం పెరిగిందని గ్రహించి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఈలోగా తడిబట్టలు మార్చి, దుప్పట్లు కప్పాలి. మద్యం ఇవ్వరాదు, అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి శరీరంలోని వేడిని బయటికి పంపుతుంది. పసిపిల్లలు, వృద్ధులు, ఆరుబయట నిద్రించేవారు, తెల్లవారకముందే పనికి వెళ్ళేవారి విషయంలో ఎక్కువ శ్రద్ధ అవసరం.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. ఈ ఒక్క విషయం మీ ఇంట్లో అందరికీ ఈ రోజే చెప్పండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. సాధారణ కనిష్ఠ ఉష్ణోగ్రత 16 డిగ్రీలు ఉన్న మైదాన కేంద్రంలో 11 డిగ్రీలు నమోదైంది. ఇది శీతల తరంగమా? కారణం రాయండి.
2. మబ్బు పట్టిన రాత్రి చలి ఎందుకు తగ్గుతుంది?
3. పది రోజులపాటు మీ ప్రాంత కనిష్ఠ ఉష్ణోగ్రతను నోటుపుస్తకంలో రాసి, సాధారణ ఉష్ణోగ్రతతో పోల్చండి.