సొంత గానుగయా? మిల్లా? — చిప్పుల తయారీలో రెండు మార్గములు

జహీరాబాదు ప్రాంతపు చెరకు రైతుకు రెండు మార్గములు తెలిసినవే. సొంత గానుగపై బెల్లము వండుకొనవచ్చును; లేదా చెరకును మిల్లుకు తోలవచ్చును. గానుగకు పెట్టుబడి, కూలి తానే భరింపవలెను. కాని పని తన చేతిలో నుండును. మిల్లుకు తోలినచో ఆ భారము లేదు. కాని మిల్లు ఆగిన ఏట చెరకు పొలముననే ఎండును.

సెల్‌ఫోన్లలోను, నేటి వాహనములలోను ఉండు చిప్పుల విషయమును ఇట్టిదే. గోరంత సిలికాను పలుకుపై కోట్లకొలది సూక్ష్మమైన విద్యుత్ స్విచ్చులను అమర్చినదే చిప్పు. పూర్వము పెద్ద సంస్థలు చిప్పు నమూనాను తామే గీచి, తామే తయారుచేసెడివి. 1987లో తైవానులో స్థాపింపబడిన టి.ఎస్.ఎమ్.సి. సంస్థ ఇతరుల నమూనాలను ఒప్పందముపై తయారుచేసి ఇచ్చుటయే వృత్తిగా గైకొనెను. హైదరాబాదులోను కేంద్రముగల అమెరికా సంస్థ ఎ.ఎమ్.డి., 2009లో తన కర్మాగారములను వేరుచేసి, తయారీని ఇతరులకు అప్పగించినది.

ఇందులకు ముఖ్య కారణము వ్యయము. గుజరాతులోని ధొలేరా కర్మాగారమునకు 2024లో ఆమోదింపబడిన అంచనాయే సుమారు 91,000 కోట్ల రూపాయలు. పలువురి పని ఒకచోట జరిగిననే గాని ఇంత పెట్టుబడి గిట్టదు.

అయితే పరాధీనతకు మూల్యము కలదు. 2021లో ప్రపంచమంతట చిప్పుల కొరత ఏర్పడెను. జహీరాబాదులో కర్మాగారముగల మహీంద్రా సంస్థ, ఆ సెప్టెంబరులో తన మోటారు వాహన విభాగమున సుమారు ఏడు దినములు ఉత్పత్తి ఉండదని ప్రకటించెను. ట్రాక్టర్ల తయారీకి మాత్రము ఆటంకము కలుగలేదు. ఆ డిసెంబరులోనే కేంద్ర ప్రభుత్వము స్వదేశమున చిప్పుల పరిశ్రమకై 76,000 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది.

2024 ఆగస్టులో కేంద్రము ఆమోదించిన 12 పారిశ్రామిక నగరములలో జహీరాబాదు ఒకటి. ఇచటకు చిప్పుల కర్మాగారమే వచ్చునని తలపరాదు. కాని ఏ పరిశ్రమ వచ్చినను పంచాయతీ సభ్యులు మూడు సంగతులు విచారింపవలెను. అది నమూనాలు గీయు కార్యాలయమా, సరకు తయారుచేయు కర్మాగారమా? చిప్పుల తయారీకి అతిశుద్ధమైన నీరు విస్తారముగను, విద్యుత్తు ఎడతెగకను కావలెను. అట్టి నీరు ఎచటనుండి వచ్చును, వాడిన నీరు ఎచటికి పోవును? సొంత సరకు చేయునా, ఇతరుల ఒప్పందములపై నడచునా? ఒప్పందములు తగ్గిననాడు మన యువకుల పని ఏమగును?

పొలము ఒకసారి ఇచ్చిన పిదప తిరిగి రాదు. కనుక ఈ ప్రశ్నలను గ్రామసభలో ముందుగనే అడుగుట మేలు.