పట్టణము లేని భాష: ఆల్ప్స్ లోయలలో రుమాంచ్

ఒక భాషకు లిఖితప్రమాణ మేర్పడుటకు సాధారణముగా ఒక రాజధానియో, విద్యాపీఠమో, పెద్ద విపణియో ఆధారమగును. ఇట్టి యాధారము లేక కొండపల్లెలయందు మాత్రమే నిలిచిన భాష యేమగునో తెలిసికొనుటకు స్విట్జర్లాండునందలి గ్రౌబ్యుండెన్ రాష్ట్రమున వ్యవహరింపబడు రుమాంచ్ తగిన యుదాహరణము.

క్రీ. పూ. 15లో రోమనులు ఈ ప్రాంతమును జయించిరి. వారి వాడుక లాటినునుండియే రుమాంచ్ పుట్టినది. కూర్ పట్టణ మొకప్పుడు దీనికి కేంద్రము. 1464లో ఆ పట్టణము దగ్ధము కాగా, పునర్నిర్మాణమునకై వచ్చిన జర్మను పనివా రచ్చటనే స్థిరపడిరి. ఆ అగ్నిప్రమాద మొక్కటియే కారణమనుట అతిశయోక్తి. జర్మను ప్రాబల్యము అంతకుముందే మొదలైనది. ఏమైనను రుమాంచ్‌కు పల్లెలు మిగిలినవి గాని పట్టణము మిగులలేదు.

శీతకాలమున మంచుచే కనుమలు మూతపడు లోయలవి. పైగా ఒక లోయ కాథలిక్కులది, వేరొకటి ప్రొటెస్టంటులది. ఎవరి మతగ్రంథములను వారు తమ పలుకుబడిలోనే వ్రాసికొనిరి. యాకియామ్ బిఫ్రున్ 1560లో క్రొత్త నిబంధనను ఎగువ ఎంగదీన్ మాటలో అచ్చొత్తించెను. రెండేండ్లకే డూరిక్ చాంపెల్ కీర్తనలను దిగువ ఎంగదీన్ మాటలో ప్రకటించెను. ఒకే ఇన్ నది యొడ్డున, ఒకే మతస్థులకు, రెండు వ్రాతలు! ఇట్లు కాలక్రమమున సుర్‌సిల్వన్, సుట్‌సిల్వన్, సుర్‌మిరన్, పుటేర్, వల్లాదేర్ అను ఐదు లిఖితరూపము లేర్పడినవి.

1938లో స్విస్ ప్రజలు రుమాంచ్‌ను నాల్గవ జాతీయభాషగా అత్యధికసంఖ్యతో అంగీకరించిరి. కాని ప్రభుత్వపత్రములను ఏ రూపమున వ్రాయవలెను? 1982లో హైన్రిఖ్ ష్మిడ్ అను పండితుడు సుర్‌సిల్వన్, సుర్‌మిరన్, వల్లాదేర్ రూపములను పోల్చి, హెచ్చింటియందు సమానముగా నున్నదానిని గ్రహించి, 'రుమాంచ్ గ్రిషున్' అను ఉమ్మడిరూపమును కల్పించెను. తెలుపునకు మొదటి రెండింట 'ఆల్వ్' అనియు, వల్లాదేరున 'ఆల్బ్' అనియు నుండుటచే 'ఆల్వ్' నిలిచినది. శాస్త్రదృష్టితో ఇంతకంటె న్యాయమైన మార్గము నాకు తోపదు.

అయినను కార్యాలయపత్రములందు సహించిన రూపమును పిల్లల వాచకములందు పల్లెలు సహింపలేదు. 'నేను' అనుటకు సుర్‌సిల్వన్ బాలుడు 'యెవు' అనును. వల్లాదేర్ బాలుడు 'ఎవు' అనును. క్రొత్త పుస్తకము 'యౌ' అనుమనును. గ్రాంథిక వ్యావహారిక వివాద మెరిగిన మనకు ఈ బాధ క్రొత్తది కాదు. భేదమేమనగా, మన గ్రాంథికమునకు వెనుక కావ్యపరంపర యుండెను. దీనికి వెనుక అట్టిది లేదు.

2007 నుండి కొన్ని గ్రామములలో ఈ రూపమున బోధన సాగెను. 2011 నాటికి దానిపై ఉద్యమమే తలెత్తెను. ఇందు గమనింపదగినది మ్యూష్టైర్ లోయ. అచ్చటివారు 'నేను' అనుటకు సహజముగనే 'యౌ' అందురు. వారి మాటకు 'యౌయెర్' అను పేరు అందుచేతనే వచ్చినది. అయినను బడిలో వారు తరతరములుగా చదివినది వల్లాదేరు. తమ నోటి 'యౌ'ను అచ్చులో చూపిన వాచకమును కాదని, 2012లో ఆ లోయవారు ఓటు వేసి, తిరిగి వల్లాదేరునే కోరుకొనిరి.