రేయి పగలైన గాయకుడు

అమెరికాదేశపు రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పేరు వినని విద్యార్థి అరుదు. అతని పాట వినకపోయినను, నుదుటిపై జారిన నల్లని జుట్టు, ఎత్తుగా నిలిచిన మెడపట్టీ, రాళ్లు పొదిగిన తెల్లని దుస్తులు గల ఆ బొమ్మ ఎక్కడనో ఒకచోట కంటబడియే యుండును. ఇంతటి ప్రఖ్యాతి గల మనిషి తన్ను గురించి తాను చెప్పుకొన్నది మాత్రము చాల తక్కువ. ఆత్మకథ వ్రాయలేదు. పత్రికలవారితో తీరికగా కూర్చుండి మనసు విప్పి మాటాడిన సందర్భములు వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. అతనిని గురించి ఇతరులు వ్రాసిన గ్రంథములు మాత్రము గుట్టలుగా పడియున్నవి. ఆ గుట్టను కొంతసేపు పక్కకు నెట్టి, అతడు జనుల ఎదుట నిలిచి పాడుచుండగా పట్టిన రికార్డులను కాలక్రమమున విన్నచో, అతడు వ్రాయని దినచర్య పుస్తకము అదియే యనిపించును.

స్టూడియోలో పాట తప్పినచో మరల పాడవచ్చును. 1956 జూలై 2వ తేదీన న్యూయార్కులో ‘హౌండ్ డాగ్’ అను పాటను 31 సార్లు పాడి, వానిని విని, తనకు నచ్చినదానిని ఎంచుకొన్నాడని ప్రసిద్ధి. అంతటి పట్టుదల గలవాడు. కాని సభలో ఆ వెసులుబాటు లేదు. ఊపిరి అందనిచో అందనట్లే, మాట మరచినచో మరచినట్లే, నవ్వు వచ్చినచో నవ్వినట్లే ఆ యంత్రము పట్టుకొనును. నిర్దుష్టమైన పాట కావలసినవారు స్టూడియో రికార్డులకే పోవుదురు. అది తప్పు కాదు. మనిషిని తెలిసికొన గోరువారికి రెండవదారి మేలు.

ఎల్విస్ 1935 జనవరి 8న మిసిసిపి రాష్ట్రములోని ట్యూపెలో అను చిన్న ఊరిలో, రెండు గదుల ఇంటిలో పుట్టినాడు. కవలలలో ముందు పుట్టిన బిడ్డ మృతశిశువు కాగా, మిగిలిన ఈ ఒక్కని తల్లి గ్లాడిస్ కంటికి రెప్పవలె పెంచినది. 1948లో కుటుంబము బ్రతుకుతెరువు వెదకికొనుచు మెంఫిస్ నగరము చేరినది. చర్చిలో పాడు భక్తిగీతములు, నల్లజాతివారి బ్లూస్ పాటలు, పల్లెకారుల కంట్రీ పాటలు, ఈ మూడును ఆ బాలుని చెవిలో ఒకేసారి పడినవి. బడి చదువు ముగించి లారీ తోలుచున్న దినములలో, 1954 జూలై 5 రాత్రి, సామ్ ఫిలిప్స్ అనువాని సన్ స్టూడియోలో అతని మొదటి రికార్డు పుట్టినది. ఆ పుట్టుకయే విచిత్రము. ఎన్నుకొన్న పాటలు ఏవియు పండలేదు. విరామసమయమున ఎల్విస్ అల్లరికై ఆర్థర్ క్రుడప్ అను నల్లజాతి గాయకుని పాట నొకదానిని గంతులు వేయుచు అందుకొన్నాడు. గిటారు వాయించు స్కాటీ మూర్, బాస్ వాయించు బిల్ బ్లాక్ అతనితో కలిసినారు. ఫిలిప్స్ పక్కగదినుండి తల బయటపెట్టి, అదేమిటో మరల మొదలుపెట్టుడని కోరినాడు. పని నడుమ ఆటవలె వచ్చినదే అతనికి సహజమైన పాట. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను, ముందు మరల పనికి వచ్చును.

ఆ శరదృతువు మొదలు లూసియానా హేరైడ్ అను శనివారపు రేడియో కచేరిలో అతడు పాడసాగినాడు. ఆనాటి ప్రసారములలో కొన్ని నేటికిని నిలిచియున్నవి. మొదట సభ్యుల చప్పట్లు మర్యాదగానే వినబడును. ఏడాది తిరుగునప్పటికి ఆ మర్యాద మాయమైనది. 1956 నాటి కచేరి రికార్డులలో గాయకుని గొంతుకంటె ఆడపిల్లల కేకలే ఎక్కువ. వేదికమీది వాద్యకారులకు సైతము పాట వినబడక, ఎల్విస్ కాలి కదలికను, నడుము ఊపును చూచి పాట ఎక్కడనున్నదో ఊహించి వాయించినారట. ఆ నడుము ఊపే పెద్దలకు కంటగింపైనది. 1957 జనవరిలో ఎడ్ సల్లివన్ టెలివిజన్ కార్యక్రమములో అతనిని నడుముకు పైభాగమే చూపినారు.

అదే సంవత్సరము మార్చిలో అతడు మెంఫిస్‌లో గ్రేస్‌లాండ్ అను భవనమును 1,02,500 డాలర్లకు కొన్నాడు. తల్లి ఆ దివ్యభవనపు పెరటిలోనే కోళ్లను పెంచుకొన్నది. కుమారుని వయస్సు అప్పటికి ఇరువదిరెండే. ఇంటి ద్వారమువద్ద పగలెల్ల జనము. వీధిలో నడువలేడు, అంగడికి పోలేడు, పదిమందితో కూర్చుండి సినిమా చూడలేడు. దీనికి అతడు కనుగొన్న ఉపాయము రేయిని పగలుగా మార్చుకొనుట. సాయంకాలమునకు నిద్రలేచి, ఊరివారు రాత్రి భోజనమునకు కూర్చుండు వేళకు తాను ఉదయపు ఫలాహారము తినువాడు. అర్ధరాత్రి దాటిన పిదప సినిమాహాలును అద్దెకు తీసికొని మిత్రులతో చిత్రములు చూచువాడు. ఊరిలోని వినోదోద్యానమును మూసివేసిన తరువాత తనకొరకు మరల తెరిపించి, తెల్లవారువరకు బొమ్మకార్లు ఢీకొట్టుచు ఆడువాడు. తెల్లవారినచో, వెలుతురు చొరకుండ కిటికీలు కప్పిన గదిలో నిద్ర. ధనికుని విలాసముగా దీనిని వర్ణించినవారు పలువురు. విలాసము కొంత ఉన్నమాట నిజమే. కాని బడిపిల్లవాడు రెండణాల టిక్కెట్టు కొని పగటివేళ పొందగల సంతోషమును ఇతడు అర్ధరాత్రి వేలకొలది డాలర్లు పోసి కొనుక్కొనవలసి వచ్చినదన్నమాట కూడ అంతే నిజము.

1958లో అతడు సైన్యములో చేరినాడు. ఆ ఆగస్టులో తల్లి కన్నుమూసినది. ఆ దెబ్బనుండి అతడు ఎన్నటికిని పూర్తిగా తేరుకొనలేదని దగ్గరివారందరును చెప్పుదురు. ఇంట నున్నప్పుడు అతనికి ఊరట పియానో. బంధుమిత్రులను చుట్టును నిలుపుకొని, తాను చిన్ననాట విన్న భక్తిగీతములను గంటలతరబడి పాడించి పాడువాడు. రాక్ అండ్ రోల్ చక్రవర్తియని లోకము బిరుదిచ్చిన ఇతనికి దక్కిన మూడు గ్రామీ బహుమతులును భక్తిసంగీతమునకే దక్కినవి. 1964 తరువాత చదువు కూడ పెరిగినది. 1920లో మన దేశమునుండి అమెరికా వెళ్లి స్థిరపడిన పరమహంస యోగానందుల వారి ‘ఒక యోగి ఆత్మకథ’ అతడు ఇష్టపడి చదివిన గ్రంథములలో ఒకటి. కాలిఫోర్నియాలో ఆ యోగి శిష్యురాలైన దయామాతను దర్శించి, ఆమె మాటలు శ్రద్ధగా వినినాడు.

సభలు మాత్రము ఈ కాలమున లేవు. 1961 మార్చి 25న హవాయి దీవులలో, పెర్ల్ హార్బరులో మునిగిన అరిజోనా యుద్ధనౌక స్మారకమునకై ఉచితముగా పాడిన తరువాత, ఏడేండ్లపాటు అతడు కచేరి వేదిక నెక్కలేదు. ఏటికి రెండు మూడు చొప్పున సినిమాలు. వానిని గురించి ఇచ్చట వ్రాయుట అనవసరము.

1968 జూన్‌లో ఎన్.బి.సి. టెలివిజన్ వారు అతనితో ఒక ప్రత్యేక కార్యక్రమము తలపెట్టినారు. వ్యవహారకర్త కర్నల్ టామ్ పార్కర్ క్రిస్మస్ పాటలు పాడించిన చాలునన్నాడు. దర్శకుడు స్టీవ్ బిండర్ వేరొకటి గమనించినాడు. పగలు రిహార్సలు ముగిసిన పిదప, అలంకారపు గదిలో ఎల్విస్ మిత్రులతో కూర్చుండి, గిటారు మీటుచు, పాత కబుర్లు చెప్పుచు, పొద్దుపోవువరకు పాడుచుండెను. అసలు పాట ఇక్కడ నున్నదని దర్శకునికి తట్టినది. ఆ గదిలోనే చిత్రించెదనన్నాడు. అందుకు ఒప్పుకోలు దొరకలేదు. కావున చిన్న చతురస్రపు వేదికమీద, నలుప్రక్కల జనమును కూర్చుండబెట్టి, పాత తోడు స్కాటీ మూరును పిలిపించి, ఆ గది వాతావరణమునే మరల కల్పించినారు. 1954 నాటి విరామసమయపు అల్లరి మరల పుట్టినది. ఈ రికార్డులో పాట మధ్యలో ఆగిపోవును, ఎవరో ఒక హాస్యోక్తి విసరుదురు, గాయకుడు తన్ను తానే ఎగతాళి చేసికొని మరల అందుకొనును. ఎల్విస్ ప్రత్యక్ష రికార్డులలో ఒక్కటియే వినదలచినవారు దీనిని వినుట మంచిది. డిసెంబరు 3న ఇది ప్రసారమైనది, అతని ప్రాభవము తిరిగి వచ్చినది.

1969 జూలై 31న లాస్ వేగాస్ నగరములోని ఇంటర్నేషనల్ హోటలులో కచేరీలు మొదలైనవి. నాలుగు వారములలో 57 సభలు! రాత్రి భోజనవేళ ఒకటి, అర్ధరాత్రి ఒకటి. రేయి మేల్కొను అలవాటునకు తగిన కొలువే దొరికినదనవచ్చును. ఆగస్టు చివరివారమున ఆర్.సి.ఏ. కంపెనీవారు ఈ సభలను ముద్రించినారు. 26వ తేదీ అర్ధరాత్రి సభలో ‘ఆర్ యూ లోన్‌సమ్ టునైట్’ అను విషాదగీతమును పాడుచు, చిలిపిగా పదములు మార్చినాడు. అంతట నవ్వు ముంచుకొని వచ్చినది. ఎంత ఆపుకొన్నను ఆగలేదు. వెనుక వంతపాడు గాయని మాత్రము చలింపక తన ఉచ్చస్వరమును గంభీరముగా సాగించినది. ఆమె ఎంత గంభీరముగా పాడిన ఇతనికి అంత నవ్వు. సభ యావత్తు నవ్వినది. ఈ ముద్రణము ఎల్విస్ మరణానంతరము 1980లో వెలువడినది. తరగతిలో నవ్వు ఆపుకొనలేక బయటికి పంపబడిన ప్రతి విద్యార్థియు దీనిని అర్థము చేసికొనగలడు.

తరువాతి రికార్డులలో ఘనత పెరిగినది, వాద్యబృందము పెరిగినది, చనువు తగ్గినది. 1972 జూన్‌లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నాలుగు సభలు జరుగగా, 10వ తేదీ రాత్రి సభను ఎనిమిది దినములలోనే ఎల్‌పీగా అంగళ్లకు పంపినారు. 1973 జనవరి 14న హవాయినుండి ఉపగ్రహముద్వారా కచేరి ప్రసారమైనది. తూర్పు దేశములవారికి అనువుగా నుండుటకై అచ్చట అర్ధరాత్రి దాటినపిదప మొదలుపెట్టినారు. నూరుకోట్లమంది చూచినారని ప్రకటనకర్తలు చాటిన లెక్కను నమ్మ నవసరము లేదు, అమెరికాదేశస్థులే దానిని ఏప్రిలులో గాని చూడలేదు. ఆ సభవలన కాన్సరు నిధికి 75,000 డాలర్లు చేరినమాట మాత్రము నమ్మదగినది. 1974లో పాటలన్నియు తొలగించి, పాటల నడుమ అతడాడిన మాటలను మాత్రమే కూర్చి ఒక రికార్డు వెలువరించినారు. హరికథలోనుండి కథను, కీర్తనలను తీసివేసి పిట్టకథలు మాత్రము అచ్చువేసినట్లున్నది ఆ పని. వ్యాపారదృష్టికి ఇంతకంటె నిదర్శనము వెదకనక్కరలేదు.

ఈలోపల రాత్రి జీవితము తన వెల తాను వసూలు చేయసాగినది. నిద్రపట్టుటకు మాత్రలు, మేల్కొనుటకు మాత్రలు, నొప్పికి మాత్రలు. అన్నియు వైద్యులు వ్రాసియిచ్చినవే యగుటచేత అవి తనకు హాని చేయవని అతడు నమ్మినాడు. స్టూడియోకు వచ్చుట మానినాడు. 1976 ఫిబ్రవరిలో కంపెనీవారు ముద్రణయంత్రములను వాహనములో వేసికొని గ్రేస్‌లాండ్‌కే వచ్చి, వంటయింటి వెనుకనున్న గదిలో పాడించుకొన్నారు. నేలమీదను, పైకప్పునకును పచ్చని తివాచీ పరచిన ఆ గదియే స్టూడియో అయినది. ఇల్లు వదలి కదలుట కచేరీలకొరకే. కచేరీలు మాత్రము ఆగలేదు. ఆగనిచ్చువారును లేరు. అతని ఆదాయముపై బ్రతుకువారు పలువురు, అతనికిని జనులను కలిసికొనుటకు వేదిక తప్ప వేరుచోటు మిగులలేదు.

1977 జూన్ 21న ర్యాపిడ్ సిటీ అను ఊరిలో జరిగిన సభను సి.బి.ఎస్. టెలివిజన్ వారు చిత్రించినారు. వాచిన ముఖము, బరువెక్కిన దేహము, తడబడు మాట. కొంతసేపటికి అతడు పియానో ముందు కూర్చున్నాడు. సైన్యమునాటి మిత్రుడు చార్లీ హాజ్ మైకు పట్టుకొని నిలిచినాడు. ‘అన్‌చైన్డ్ మెలొడీ’ పాట మొదలైనది. చెమట కారుచుండగా, ఆ జీర్ణదేహమునుండి ఒక మహాస్వరము, ఎక్కడను వంగక, చివరి ఎత్తువరకు పోయినది. ఇట్టి దృశ్యమును లోకమునకు చూపవచ్చునా అని వాదించినవారున్నారు. మరణించినవాని దుర్బలతను అమ్ముకొనుట తగదని వారి వాదము, దానిలో న్యాయము లేకపోలేదు. అయినను ఈ ఒక్క పాటను దాచియుంచినచో అతనికే అన్యాయము చేసినవారమగుదుము. ఆ రాత్రి అతనికి మిగిలియున్నది గొంతు ఒక్కటియే, దానిని ఏమియు దాచుకొనక ఇచ్చినాడు.

జూన్ 26న ఇండియానాపోలిస్‌లో కడపటి కచేరి జరిగినది. తదుపరి యాత్ర ఆగస్టు 17న మెయిన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్‌లో మొదలు కావలసియున్నది. 15వ తేదీ రాత్రి పొద్దుపోయిన పిదప అతడు దంతవైద్యుని వద్దకు పోయి వచ్చినాడు. తెల్లవారుజామున ఇంటి ఆవరణలోని ఆటశాలలో కొంతసేపు రాకెట్‌బాల్ ఆడినాడు. ఆట చాలించి, అచ్చటనే యున్న పియానో వద్ద కూర్చుండి, తోడున్న ఒకరిద్దరికొరకు పాత పాటలు పాడినాడు. అక్కడ ముద్రించువారు ఎవరును లేరు. పిమ్మట నిద్రపోవుటకు మేడమీదికి వెళ్లినాడు. 16వ తేదీ మధ్యాహ్నము, అలవాటు ప్రకారము ఇంకను నిద్రలో నున్నాడని ఇంటివారు తలచుచుండగా, అతడు మరణించియున్నట్లు కనుగొన్నారు. వయస్సు 42 సంవత్సరములు. పోర్ట్‌లాండ్ సభకు టిక్కెట్లు అప్పటికే అమ్ముడుపోయి యుండెను.