చదరంగం గళ్ల సంఖ్య గుట్టు

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు... ఇలా రెట్టిస్తూ అరవై నాలుగు గళ్లూ నింపితే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు కావాలి. మహావీరాచార్యుడి సంస్కృత గణిత సార సంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరిట ప్రసిద్ధమైన ఒక చంపకమాల ఈ సంఖ్యనే చెబుతుంది. పద్యంలో అంకెలు ఉండవు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, ఆకాశమంటే 0 అనుకుంటూ ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకోవాలి. ఉదహరించే వాళ్లంతా ఆ ఇరవై అంకెల పొడవు చూసి అబ్బురపడతారు. ఎన్ని అంకెలైనా పేర్చుకుంటూ పోవచ్చు, అందులో వింతేముంది? సంఖ్య స్వభావాన్ని తేల్చేది దాని పరిమాణం కాదు, అది పుట్టిన తీరు.

మామూలుగా ఇంత పెద్ద సంఖ్యకు కారణాంకాలు కనుక్కోవాలంటే వరసగా భాగించి చూడటమే గతి. ఇక్కడ ఆ శ్రమ చాలావరకు తప్పుతుంది. మొత్తం గింజలు అరవై నాలుగు రెండ్ల లబ్ధం కంటే ఒకటి తక్కువ. ఆ లబ్ధం ఒక వర్గం, 1 కూడా వర్గమే. రెండు వర్గాల భేదాన్ని విడగొట్టడం బడి పిల్లలకూ తెలుసు. అందుకే మన సంఖ్య 4294967297, 4294967295గా చీలుతుంది. రెండోదీ అలాంటిదే కనుక అది 65537, 65535 అవుతుంది. ఆపైన 257, 255. తర్వాత 17, 15. చివరికి 5, 3. చిక్కల్లా 4294967297తోనే. దాన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు ఫెర్మా అంతటివాడు. అది 641ని 6700417తో గుణిస్తే వచ్చేదని 1732లో ఆయిలర్ పట్టుకున్నాడు. అంటే మల్లన సంఖ్యలో ఉన్నవి మొత్తం ఏడు ప్రధాన సంఖ్యలు: 3, 5, 17, 257, 641, 65537, 6700417.

పెద్ద సంఖ్యలన్నీ ఇంతేనేమో, ఓపికుంటే విడిపోతాయేమో అనొచ్చు. దీనికి రెండు కలిపి చూడండి. పొడవు మారదు, కానీ వర్గాల భేదం పోయి మొత్తం మిగులుతుంది. ఆ సంఖ్య 274177, 67280421310721ల లబ్ధమని తేలడానికి 19వ శతాబ్దం రావలసి వచ్చింది. బల్లకు మూడు గళ్లు తగ్గించి 61 చేస్తే వచ్చే మొత్తం అసలు విడిపోనే పోదు. అది ప్రధాన సంఖ్య అని 1883లో రష్యాకు చెందిన పెర్వూషిన్ నిరూపించాడు.

ఇదంతా మల్లనకు తెలుసా అని అడిగితే, పద్యంలో ఉన్నది మొత్తం మాత్రమే, కారణాంకాల ఊసు లేదు. లేనిది ఆయనకు అంటగట్టడం గౌరవమేమీ కాదు. మరి పద్యానికి వీటితో పనేమిటంటే, ఒక పని ఉంది. తాటాకు మీద నకలు రాసేవాడు పొరబడితే ఛందస్సు పట్టిస్తుందని మన నమ్మకం. అది ప్రతిసారీ నిజం కాదు. వేల స్థానంలో ఉన్న ‘చంద్ర’ బదులు ‘వేద’ అని రాస్తే గణం చెడదు, యతిప్రాసలు చెడవు, 1 మాత్రం 4 అయి కూర్చుంటుంది. అప్పుడు 17 అక్కరకొస్తుంది. ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా ఆ సంఖ్య 17తో నిశ్శేషంగా భాగం కాదు. ‘చంద్ర’ను ‘వేద’ చేసిన నకలులో 8 శేషం తేలుతుంది.