తెర మీద ఒక్క పాట... ఇంట్లో ఇరవై రెండు రోజులు!

కుక్కపిల్ల ఉన్న సినిమాల్లో ఒక పాట తప్పనిసరి, గమనించారా? పల్లవిలో అది మూల నక్కి బిక్కుబిక్కుమంటూ చూస్తుంది. మొదటి చరణంలో హీరో పాలగిన్నె పెడతాడు. రెండో చరణానికల్లా ఇద్దరూ ఒకే దుప్పట్లో! 2022లో రక్షిత్ శెట్టి '777 చార్లీ' తెలుగులో కూడా వచ్చింది కదా... అందులో ధర్మకీ చార్లీకీ స్నేహం కుదరడానికి కాస్త ఎక్కువ టైమే ఇచ్చారు. అయినా సినిమా సినిమాయే!

నాకు మాత్రం ఇరవై రెండు రోజులు పట్టింది.

క్రితం ఏడాది వానాకాలం. కృష్ణానగర్‌లో ఓ సందులో నైట్ షూటింగు. ఒక కమెడియన్ గారి ఇంటర్వ్యూ కోసం వెళ్ళాను. ఆయన రాలేదు, వాన వచ్చింది. జనరేటర్ వ్యాను కింద వెచ్చదనానికి చేరి ఒక గోధుమరంగు పిల్ల పడుకుని ఉంది. రెండు నెలలుంటాయేమో. ఒక చెవి నిలబడింది, రెండోది ఇంకా నిర్ణయించుకోలేదు.

"రెండు రోజుల్నించీ తల్లి కనపళ్ళేదు సార్" అన్నాడు ప్రొడక్షన్ కుర్రాడు. "తెల్లారితే ప్యాకప్. వ్యాను కదిలిందంటే చక్రం కిందే. మీరు తీసుకుపోండి సార్."

(ఇక్కడో మాట. వీధిలో ఒంటరిగా కనిపించిన పిల్లల్లా అనాథ కాదు. తల్లి తిండికి వెళ్ళి ఉండొచ్చు. ఎనిమిది వారాలన్నా నిండకుండా తల్లి దగ్గర్నుంచి తీసేస్తే ఆ లోటు తర్వాత తీరదు. ఆగి చూడండి.)

అలా వచ్చింది 'రీలు'. ఇన్‌స్టా రీలు కాదండోయ్! డబ్బాలో పెట్టే ఫిల్ము రీలు. గుండ్రంగా చుట్టుకుని పడుకుంటుంది కనక.

గదిలోకి రాగానే మంచం కిందికి దూరింది. అంతే! సినిమాల్లో చూసిన జ్ఞానంతో పాలగిన్నె పెట్టాను. నేను బాత్‌రూముకి వెళ్ళినప్పుడు తాగేసింది. తెల్లారేసరికి విరేచనాలు. మన గేదెపాలూ ఆవుపాలూ చాలా కుక్కపిల్లలకి పడవట. ఆ సంగతి ఏ పాటలోనూ చెప్పలేదు మరి! రాత్రి పన్నెండు నుంచి నాలుగింటిదాకా ఒకటే ఏడుపు. కింది పోర్షన్‌లో ఓనరాంటీ పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, "బాబూ, నీ గదిలో ఏదైనా డబ్బింగ్ జరుగుతోందా?" అని అడిగారు.

మూడో రోజు నాకు ఓపిక నశించింది. మంచం కిందికి చెయ్యిపెట్టి బయటికి లాగబోయాను. కరిచింది. చిన్న పళ్ళే, సూదుల్లా దిగాయి.

దీన్ని మాత్రం నవ్వులాటగా తీసుకోకండి. పిల్లయినా సరే, గీరుకున్నా సరే, సబ్బు పెట్టి ధారగా పోసే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపూ కారం అద్దకూడదు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదటి డోసు వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. నేను వేయించుకున్నాను. తర్వాత డోసులు కూడా తేదీ తప్పకుండా.

అట్నుంచి అటే రీలుని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా మొహం చూసి నవ్వారు. "మీరు దాన్ని కాపాడిన హీరో అనుకుంటున్నారు కదూ? దాని దృష్టిలో ప్రస్తుతానికి మీరే విలన్. వాసన తెలీని చోటికి ఎత్తుకొచ్చారు. పైగా దాక్కున్న చోట కూడా ఉండనివ్వలేదు."

ఏం చెయ్యమంటారండీ అంటే, "ఏమీ చెయ్యకండి" అన్నారు!

నిజంగా అంతే. గదిలో ఒక మూల దానికి వదిలెయ్యాలి. మీరు కట్టి విడిచిన చొక్కా ఒకటి అక్కడ వెయ్యాలి. తిండి రోజూ ఒకే టైముకి. మసాలా లేకుండా ఉడికించిన చికెన్, ఎముకలు తీసేసి, అన్నంలో కలిపి. ఉల్లిపాయా చాక్లెట్టూ ద్రాక్షా దగ్గరికి రానివ్వకూడదు. పెట్టాక దాని కళ్ళలోకి చూడకుండా, వీపు అటు తిప్పి నేల మీద కూచోవాలి. పేపరు చదువుకోండి, మీ పని చేసుకోండి. వచ్చేది అదే వస్తుంది. కుక్కలు పెంచేవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. భయం కాస్త తగ్గడానికి మొదటిది, ఇంటి పద్ధతి తెలియడానికి రెండోది, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడోది. అంచనా మాత్రమే. కొన్నిటికి ఇంకా పడుతుంది.

నాలుగో రాత్రి మళ్ళీ ఏడుపు. ఆ చెప్పినవన్నీ మర్చిపోయి ప్రొడక్షన్ కుర్రాడికి ఫోన్ చేశాను. "తమ్ముడూ, దాన్ని తీసుకున్న చోటే వదిలేస్తాను" అన్నాను. అతనో క్షణం మాట్లాడలేదు. "యూనిట్ రాజమండ్రి వచ్చేసింది సార్. అక్కడిప్పుడు వ్యాను కూడా లేదు" అన్నాడు.

ఫోన్ పెట్టేసి చాలాసేపు కూచున్నాను. 'ది ఆర్టిస్ట్' చూశారా? 2011 చిత్రం, మరుసటేడు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కొట్టింది. అందులో అందరి మనసూ దోచిన అగ్గీ అనే కుక్కని అంతకుముందు రెండిళ్ళ వాళ్ళు అల్లరి భరించలేక వద్దనుకున్నారు. 1974లో వచ్చిన 'బెంజీ' హీరో హిగ్గిన్స్‌ని ట్రైనర్ ఫ్రాంక్ ఇన్ బర్బాంక్‌లోని జంతువుల షెల్టరు నుంచి తెచ్చుకున్నాడు. ఇవన్నీ ఎన్నోసార్లు రాశాను, ఫిల్లర్ ఐటమ్సుగా. ఆ వద్దనుకున్న రెండిళ్ళ వాళ్ళ గురించి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రాత్రి నేను వాళ్ళలో ఒకణ్ణి.

మంచం మీంచి పరుపు దించి నేల మీద వేసుకున్నాను. మంచం అంచుకి మూరెడు దూరంలో. ఏడుపు రెండింటికే ఆగిపోయింది.

తర్వాతంతా పెద్ద కథేం కాదు, చాకిరీ. నిద్రలేవగానే, తినగానే, ఆడగానే బయటికి. అంటే డాబా మీదికే! టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద వదలొద్దన్నారు డాక్టరుగారు, పార్వో భయం. నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్లల్ని తీసుకుపోయే జబ్బది. మూడు నాలుగు వారాలకొక టీకా, మూడు నెలలు నిండగానే దానికీ రేబిస్ టీకా, మధ్యలో పురుగుల మందు. గదిలో పోసేస్తే తిట్టలేదు, ముక్కు పెట్టి రుద్దలేదు. అలా చేస్తే బయటికెళ్ళడం నేర్చుకోదు, మనకి కనబడకుండా పొయ్యడం నేర్చుకుంటుంది.

కుక్కర్ విజిలుకి అలవాటుపడింది. మిక్సీకి అలవాటుపడింది. పదహారో రోజు ఒక పెద్ద హీరోగారి సినిమా విడుదల. అభిమానులు అర్ధరాత్రి మా సందు మొదట్లో టపాకాయల వడం కాల్చారు. నేనూ ఒకప్పుడు కాల్చినవాణ్ణే, కాదనను. ఆ వడం నాలుగు నిమిషాలు పేలింది. రీలు మళ్ళీ రెండు రోజులు మంచం కిందే, తిండి ముట్టలేదు. తమ్ముళ్ళూ, కటౌటుకి దండలెయ్యండి, పేపర్లు చల్లండి, ఈలలెయ్యండి... ఆ వడం ఒక్కటీ మానెయ్యండి బాబూ!

ఇరవై రెండో రోజు సాయంత్రం. గోడకి ఆనుకుని రాసుకుంటున్నాను. పాదం మీద ఏదో తడి తగిలింది. ముక్కు! ఊపిరి బిగబట్టాను. రీలు నా చెప్పు మీద గడ్డం ఆనించి కళ్ళు మూసింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. అలమార మీద ఉంది, లేవాలి. చూస్తే ఆ కమెడియన్ గారే.

మోగి మోగి ఆగిపోయింది. ఇంటర్వ్యూ ఇప్పటికీ దొరకలేదు. ఆ చెప్పు కూడా ఇప్పుడు లేదు, మర్నాడే నమిలేసింది.